సహవాస దోషంలో దోషం ఎక్కడుంది?

తెర మీద ఒక కారు సాగిపోతుంటుంది. కాసేపటికి ముందున్న సిగ్నల్ పసుపు రంగుకు మారుతుంది. అది ఏ క్షణాన ఎర్రబడుతుందో ఆడేవారికి తెలియదు. కారు ఎంత దూరం వెళితే అన్ని పాయింట్లు. ఎర్రదీపం పడేసరికి కారు ఇంకా కదులుతూ ఉంటే మాత్రం ఎదురుగా గోడ లేస్తుంది, కారు దాన్ని గుద్దుకుంటుంది, అంతవరకు కూడబెట్టిన పాయింట్లు పోతాయి. ఆపాలా, ఇంకొంచెం పోనివ్వాలా? ఆట మొత్తం ఈ ఒక్క నిర్ణయమే.

అమెరికాలోని ఫిలడెల్ఫియాలో ఉన్న టెంపుల్ విశ్వవిద్యాలయ మనస్తత్వ శాస్త్రవేత్తలు మార్గో గార్డ్‌నర్, లారెన్స్ స్టైన్‌బర్గ్ ఈ ఆటను 306 మందితో ఆడించి 2005లో ఫలితాలు ప్రచురించారు. ఆడినవారు మూడు వర్గాలు: 13 నుంచి 16 ఏళ్ల పిల్లలు, 18 నుంచి 22 ఏళ్ల యువతీ యువకులు, 24 దాటిన పెద్దలు. కొందరిని ఒంటరిగా కూర్చోబెట్టారు. మిగతావారి పక్కన వారి ఈడు వాళ్లనే ఇద్దరిద్దరిని కూర్చోబెట్టారు. ఒంటరిగా ఆడినప్పుడు మూడు వయసుల మధ్య చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. పక్కన జతగాళ్లు చేరేసరికి 13-16 ఏళ్ల వారు బ్రేకు వేయడం బాగా ఆలస్యం చేశారు. 18-22 ఏళ్ల వారు కూడా చేశారు, కాస్త తక్కువగా. పెద్దల ఆటలో మాత్రం పక్కన ఎవరున్నా లేకపోయినా దాదాపు ఒకటే.

2011లో అదే విశ్వవిద్యాలయ బృందం ఇలాంటి మరో డ్రైవింగ్ ఆటను మెదడు స్కానర్‌లో పడుకోబెట్టి ఆడించింది. ఈసారి స్నేహితులు పక్కన లేరు. పక్క గదిలో ఉండి తన ఆటను తెర మీద చూస్తున్నారన్న సంగతి మాత్రం ఆడేవారికి తెలుసు. అది చాలింది. టీనేజీ వారి మెదడులో లాభాన్ని, ఆనందాన్ని పసిగట్టే భాగాలు ఒంటరిగా ఉన్నప్పటికంటే ఎక్కువగా స్పందించాయి. ఆలోచించి అదుపు చేసే భాగాల పనిలో స్నేహితుల వల్ల అలాంటి మార్పు రాలేదు. వాడుక భాషలో చెప్పాలంటే నిగ్రహం తగ్గలేదు, రుచి పెరిగింది.

మరి ఇది పరువు కోసం పాకులాటా? నలుగురిలో పిరికివాడినని అనిపించుకోకూడదన్న తాపత్రయమా? ఆ బృందమే 2014లో చుంచెలుకలతో చేసిన ప్రయోగం ఈ అనుమానానికి ఒక వింత జవాబు ఇచ్చింది. లేత వయసు ఎలుకలకు మద్యం కలిపిన నీళ్లు అందుబాటులో ఉంచితే, ఒంటరిగా ఉన్నప్పటికంటే తోటి ఎలుకల మధ్య ఉన్నప్పుడు ఎక్కువ తాగాయి. ఎదిగిన ఎలుకల్లో ఆ తేడా లేదు. నవ్వులపాలవుతానన్న బెంగ ఎలుకకు ఉండదు కదా.

తెలుగు ఇళ్లలో దీనికి ఎప్పటినుంచో ఒక పేరు ఉంది: సహవాస దోషం. ఆరు నెలలు సావాసం చేస్తే వారు వీరవుతారంటారు. కొడుకు జేబులో సిగరెట్ పెట్టె దొరికితే తల్లి నోట వచ్చే మొదటి మాట “మా వాడు మంచివాడే, ఆ స్నేహితులే...” అన్నది. అవతలి ఇంట్లోనూ అదే మాట వినిపిస్తుంది, పేర్లు మాత్రం తారుమారవుతాయి. ఈ మాటలో సగమే నిజం ఉందని చూపినవారు కొలంబియా విశ్వవిద్యాలయానికి చెందిన డెనిస్ కాండెల్. న్యూయార్క్ రాష్ట్రంలోని హైస్కూలు విద్యార్థుల స్నేహాలను విద్యా సంవత్సరం మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి పరిశీలించి 1978లో ఆమె ప్రచురించిన వ్యాసం సారాంశం ఇది: గంజాయి తాగే స్నేహితులు ఒకరినొకరు చెడగొట్టుకున్నది ఎంతో, ఆ ఇష్టం ఉన్నవారు ఒకరినొకరు వెతుక్కుని స్నేహితులైనదీ ఇంచుమించు అంతే. సావాసం మనిషిని మారుస్తుంది, మనిషి తనకు తగ్గ సావాసాన్ని వెతుక్కుంటాడు కూడా.

టెంపుల్ ప్రయోగాలు ఇంకో అడుగు ముందుకు వేశాయి. ఆ గదిలో చెడ్డ స్నేహితుడంటూ ఎవరూ లేరు. ఉన్నది తన వయసు వాళ్లు, అంతే. అంటే దోషాన్ని ఫలానా కుర్రాడికి అంటగట్టడానికి వీల్లేదు. ఆ వయసులో తోటివారి సమక్షమే ఒక ఉద్దీపన. ఇది గుర్తిస్తే “చెడు స్నేహాలు మానుకో” అన్న హితవు ఎందుకు పనిచేయదో కొంత తెలుస్తుంది. తన స్నేహితుల్లో చెడ్డవాడు ఎవరో పిల్లవాడికి నిజంగానే కనిపించడు.

ఇక రెండో నమ్మకం. పిల్లలకు ప్రమాదం తెలియదు, తెలియజేస్తే మానేస్తారు అన్నది. అవగాహన సదస్సుల వ్యవస్థ మొత్తం దీని మీదే నిలబడింది. పరిశోధన మాత్రం దీన్ని పెద్దగా నిలబెట్టలేదు. కౌమారంలో ఉన్నవారు తమకు ముప్పే రాదనుకుంటారన్నది పాత ఊహ. ప్రశ్నలు వేసి చూస్తే చాలా విషయాల్లో వారు ముప్పును ఉన్నదానికంటే ఎక్కువగానే అంచనా వేస్తారని వాలెరీ రేనా, ఫ్రాంక్ ఫార్లీ 2006లో చేసిన సమీక్షలో తేల్చారు. తేడా అంచనాలో లేదు, అంచనా వేసే తీరులో ఉంది.

డార్ట్‌మత్ కళాశాలలో అబిగెయిల్ బెయిర్డ్, జొనాథన్ ఫ్యూగెల్‌సాంగ్ చేసిన చిన్న ప్రయోగం దీన్ని కళ్లకు కట్టిస్తుంది. తెర మీద ఒక వాక్యం వస్తుంది. సొరచేపలతో ఈత కొట్టడం, జుట్టుకు నిప్పంటించుకోవడం, మురుగు గొట్టాలు శుభ్రం చేసే ద్రావణం తాగడం వంటివి. ఇది మంచి ఆలోచనేనా కాదా చెప్పి మీట నొక్కాలి. అందరూ కాదనే అన్నారు. అయితే టీనేజీ వారు ఆ “కాదు” చెప్పడానికి పెద్దలకంటే సెకనులో కొద్ది భాగం ఎక్కువ సమయం తీసుకున్నారు. జుట్టుకు నిప్పు అన్న మాట వినగానే పెద్దవారికి ఒళ్లు జలదరిస్తుంది, అక్కడితో విషయం తేలిపోతుంది. చిన్నవారు ఒక క్షణం ఆగి ఆలోచించి మరీ కాదంటారు. రేనా వాదన ఇదే. రివాల్వర్‌లో ఒక్క తూటా పెట్టి కణతకు గురిపెట్టుకుంటే ఎన్ని లక్షలిస్తారని పెద్దమనిషి బేరమాడడు. బేరానికి దిగినవాడికి ఒకరోజు లెక్క కుదరవచ్చు. “ఒక్కసారి తాగితే ఏమవుతుంది” అన్న లెక్క తప్పు కాదు. ఒక్కసారి తాగితే చాలామందికి నిజంగానే ఏమీ కాదు. చిక్కంతా అక్కడే ఉంది.

భయపెట్టి చెప్పే పాఠాలు ఏమయ్యాయో తెలుసుకోవడానికి అమెరికాలో డేర్ అనే మాదకద్రవ్యాల నివారణ కార్యక్రమం కంటే మంచి ఉదాహరణ లేదు. 1983లో లాస్ ఏంజెలెస్ పోలీసు శాఖ, అక్కడి పాఠశాలల యంత్రాంగం కలిసి దీన్ని మొదలుపెట్టాయి. యూనిఫాంలో ఉన్న పోలీసు అధికారి తరగతి గదికి వచ్చి వారాల తరబడి పాఠాలు చెబుతాడు. తల్లిదండ్రులకు నచ్చింది, పోలీసులకు నచ్చింది, రాజకీయ నాయకులకు మరీ నచ్చింది. పదిహేనేళ్లు తిరిగేసరికి దేశంలోని మూడొంతుల పైచిలుకు పాఠశాల జిల్లాలకు పాకింది. 1994లో అప్పటివరకు పద్ధతిగా జరిగిన మూల్యాంకనాలను కలిపి చూస్తే మత్తు వాడకం మీద దాని ప్రభావం అతి స్వల్పమని తేలింది. 1999లో కెంటకీ రాష్ట్రంలో వెయ్యి మంది మీద పదేళ్ల తరువాతి ఫలితాలు వచ్చాయి. ఆరో తరగతిలో ఆ పాఠాలు విన్నవారికీ విననివారికీ ఇరవయ్యో ఏట వాడకంలో తేడా లేదు. ఇన్ని అధ్యయనాలు వచ్చాక కూడా ఆ కార్యక్రమం చాలాకాలం అలాగే నడిచింది. 2009లో పాత పాఠాలను పక్కనపెట్టి కొత్త పాఠ్యక్రమాన్ని తెచ్చుకుంది.

మన దగ్గర ఈ విషయం పట్టించుకోవాల్సిన కారణం ఉంది. తెలంగాణలో మాదకద్రవ్యాల నిరోధానికి ప్రత్యేక విభాగం ఉంది, ఆంధ్రప్రదేశ్‌లో అదే పనికి 2024 నుంచి ‘ఈగల్’ అనే విభాగం ఉంది. ‘డ్రగ్స్ వద్దు బ్రో’ అన్న నినాదం గోడల మీద కనిపిస్తోంది. జూన్ 26, మాదకద్రవ్యాల వ్యతిరేక దినం వస్తే ఊరూరా ప్రతిజ్ఞలు, ర్యాలీలు, పోలీసు అధికారుల ప్రసంగాలు ఉంటాయి. సరఫరా గొలుసును తెంచడం పోలీసుల పని, అది వారు తప్ప ఎవరూ చేయలేరు. అయితే ఎండలో నిలబడి ప్రతిజ్ఞ చదివిన తొమ్మిదో తరగతి పిల్లవాడికి గంజాయి చెడ్డదన్న సంగతి ఆ ఉదయం కొత్తగా తెలిసిందనుకోవడం అమాయకత్వం. అతనికి ఆ సంగతి ముందే తెలుసు.

అంతమాత్రాన తెలిసి ఉండటం పూర్తిగా దండగ అనడానికీ లేదు. మిషిగన్ విశ్వవిద్యాలయం 1975 నుంచి ఏటా అమెరికా హైస్కూలు విద్యార్థుల మీద ఒక సర్వే చేస్తోంది. 1979లో పన్నెండో తరగతి వారిలో సగం మంది ఆ ఏడాదిలో ఒకసారైనా గంజాయి వాడామన్నారు. 1992 నాటికి అది 22 శాతానికి పడిపోయింది. అదే కాలంలో గంజాయి ప్రమాదకరమనే వారి సంఖ్య బాగా పెరిగింది, దాన్ని మెచ్చని స్నేహితుల సంఖ్యా పెరిగింది. ఇక్కడ గమనించాల్సింది ఈ రెండోది. ఒక్కో పిల్లవాడి తలలోకి ఎక్కించిన సమాచారం కంటే, ఆ ఈడు వాళ్లందరిలో “అది మనకొద్దు” అన్న మాట చెల్లుబాటు కావడం బలంగా పనిచేసినట్టుంది. ఆ తరువాతి కథ ఇంకా చిత్రమైనది. 2005 తరువాత గంజాయి ప్రమాదకరమని భావించే విద్యార్థుల శాతం దిగజారుతూ పోయింది, వాడకం మాత్రం ఆ మేరకు పెరగలేదు. మూడు దశాబ్దాలపాటు సూత్రంగా నిలిచిన సంబంధం సడలిపోయింది.

ఇంతకీ మత్తు ఈ వయసునే ఎందుకు పట్టుకుంటుంది? మెదడు 25 ఏళ్ల వరకు పూర్తిగా ఎదగదన్న మాట ఇప్పుడు వాట్సాప్ సందేశాల స్థాయికి చేరింది. 25 అన్నది ఏ గీతా కాదు. మెదడులో ఏ భాగం అన్నదాన్ని బట్టి, మనిషిని బట్టి అది మారుతుంది. స్టైన్‌బర్గ్ బృందం భారత్ సహా 11 దేశాల్లో పదేళ్ల నుంచి ముప్పై ఏళ్ల వయసున్న 5,000 మందికి పైగా పరీక్షించి 2018లో చెప్పినది ఇంతకంటే పద్ధతిగా ఉంది: కొత్త అనుభవాల కోసం వెంపర్లాట పందొమ్మిదేళ్ల ప్రాంతంలో శిఖరానికి చేరుతుంది, తనను తాను అదుపు చేసుకునే శక్తి ఇరవై మూడు, ఇరవై ఆరేళ్ల మధ్యకు గానీ నిలదొక్కుకోదు. చాలా దేశాల్లో బొమ్మ ఇంచుమించు ఇలాగే ఉంది. ఆ పిల్లలు నిజ జీవితంలో చేసే సాహసాలు మాత్రం దేశాన్ని బట్టి బాగా మారాయి. కోరిక అన్నిచోట్లా ఒకటే, దానికి దొరికే సందు వేరు.

దీనికి సామాజికమైన మరో వివరణ ఉంది, మన పరిస్థితికి అదే ఎక్కువ అతుకుతుంది. న్యూజిలాండ్‌లోని డునెడిన్ పట్టణంలో 1972-73లో పుట్టిన 1,037 మంది పిల్లలను నేటికీ వెంబడిస్తున్న అధ్యయనంలో పనిచేసిన టెర్రీ మాఫిట్ 1993లో దాన్ని ప్రతిపాదించారు. కౌమారంలో దారి తప్పేవారు రెండు రకాలని ఆమె అన్నారు. కొద్దిమంది పసితనం నుంచే దుడుకు స్వభావం, ఇంట్లో కష్టాలు వెంటబెట్టుకుని వస్తారు, పెద్దయినా మారరు. ఎక్కువమంది అలా కాదు. పద్నాలుగు పదిహేనేళ్లకు మొదలుపెట్టి, ఉద్యోగం పెళ్లి వచ్చేసరికి ఎవరూ చెప్పకుండానే మానేస్తారు. వీరి విషయంలో కారణం ఒక ఖాళీ. ఒళ్లు పెద్దదైపోయింది, సమాజం మాత్రం ఇంకా పెద్దవాడిగా లెక్కించదు. సంపాదన లేదు, నిర్ణయాల్లో మాట లేదు. సిగరెట్, మద్యం పెద్దరికానికి గుర్తులు. వాటికి పరీక్ష రాయనక్కర్లేదు.

పూర్వం పదిహేడేళ్ల కుర్రాడు నాగలి పట్టేవాడు, ఇంటి భారంలో సగం మోసేవాడు. ఇవాళ అదే వయసువాడు ఇంటర్ హాస్టల్ గదిలో ఉదయం స్టడీ అవర్ నుంచి రాత్రి స్టడీ అవర్ దాకా గంట కొట్టినట్టల్లా కూర్చుని లేస్తుంటాడు. ఫోను వార్డెన్ దగ్గర, డబ్బు తండ్రి దగ్గర, కోర్సు ఎంపిక మేనమామ దగ్గర. మాఫిట్ చెప్పిన ఖాళీని ఇంతకంటే పొడవుగా సాగదీయడం కష్టం. రెండేళ్లు గడిచాక అదే కుర్రాడిని ఇంజినీరింగ్ కోసం వేరే ఊళ్లో అద్దె గదిలో నలుగురు స్నేహితులతో వదిలేస్తాం. పందొమ్మిదేళ్లు, నలుగురు జతగాళ్లు, తలుపుకు లోపలి నుంచి గడియ. పైన చెప్పిన ప్రయోగాలు చదివినవారికి ఈ ఏర్పాటు చూస్తే గుండె ఒకసారి గుబేలుమంటుంది.

ఈ రంగంలో అందరినీ ఇబ్బంది పెట్టిన అధ్యయనం మరొకటి ఉంది. బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో జొనాథన్ షెడ్లర్, జాక్ బ్లాక్ మూడేళ్ల వయసు నుంచి వెంబడించిన 101 మందిని పద్దెనిమిదో ఏట చూసి 1990లో రాశారు. తరచూ మత్తు వాడేవారు ఒంటరితనంతో, నిలకడలేమితో, దిగులుతో ఉన్నారు. ఊహించినదే. కానీ అసలు ముట్టనివారు కూడా ఆందోళనతో, బిగుసుకుపోయి, నలుగురిలో కలవలేక ఉన్నారు. అందరిలోకీ కుదురుగా ఉన్నది అప్పుడప్పుడు రుచి చూసి వదిలేసినవారు. ఈ తేడాలు పసితనంలోనే, గంజాయి పేరు వినక ముందే కనిపించాయి.

ఇది చదివి రుచి చూడటం ఆరోగ్యమని అనుకుంటే పొరపాటు, ఆ రచయితలూ అలా అనలేదు. 1980ల నాటి కాలిఫోర్నియాలో ఎక్కువమంది రుచి చూస్తున్న చోట, చూడకపోవడం ఒక స్వభావానికి గుర్తు అయింది. తెలుగు ఇళ్లలో మద్యం ముట్టని ఆడపిల్లలు కోట్లమంది ఉన్నారు. ముట్టకపోవడం ఇక్కడ రివాజు, దాన్నుంచి ఎవరి మనసూ చదవలేం. ఆ అధ్యయనం నుంచి ఇక్కడికి తెచ్చుకోదగ్గది వేరొకటి: మోతాదు మించిన వాడకం చాలాసార్లు రోగం కాదు, రోగ లక్షణం.

కారణం ఏది, ఫలితం ఏది అన్న పేచీ ఇక్కడే మొదలవుతుంది. పదిహేనేళ్లలోపు మద్యం మొదలుపెట్టినవారిలో నూటికి నలభై మంది జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు వ్యసనపరులయ్యారనీ, ఇరవై దాటాక మొదలుపెట్టినవారిలో ఇది పది శాతమేననీ 1997లో అమెరికా జాతీయ సర్వే లెక్కలు చూపాయి. దీన్ని అందరూ ఉదహరిస్తారు. త్వరగా మొదలుపెట్టడం వల్ల వ్యసనం వచ్చిందా, లేక వ్యసనం వైపు ఒరిగే స్వభావం ఉన్నవారే త్వరగా మొదలుపెట్టారా అన్నది ఆ అంకె చెప్పదు. గంజాయి విషయంలోనూ ఇంతే. కౌమారంలో మొదలుపెట్టి ఏళ్ల తరబడి మానని వారి తెలివితేటల సూచిక (ఐక్యూ) 38 ఏళ్లు వచ్చేసరికి సగటున ఎనిమిది పాయింట్లు తగ్గిందని 2012లో డునెడిన్ అధ్యయనం ప్రకటించింది. ప్రపంచమంతా పతాక శీర్షికలు వచ్చాయి. 2016లో అమెరికాలో కవల పిల్లలను పోల్చి చూశారు. ఒకే కడుపున పుట్టి, ఒకే కంచం దగ్గర పెరిగి, ఒకరు గంజాయి తాగి మరొకరు తాగని జంటల్లో ఇద్దరి మధ్యా చెప్పుకోదగ్గ తేడా రాలేదు. తగ్గుదలకు మూలం గంజాయి కంటే ఆ ఇంటి పరిస్థితులు కావచ్చని ఆ పరిశోధకులు అన్నారు. వీరు చూసినది టీనేజీ వాడకం, డునెడిన్ చూసినది పెద్దయ్యాక కూడా ఏళ్ల తరబడి సాగిన వాడకం. అందుచేత ఒకటి రెండోదాన్ని పూర్తిగా కొట్టేయదు.

2024 డిసెంబరులో వచ్చిన ఫలితం ఈ పేచీకి కొత్త ఆధారం తెచ్చింది. అమెరికాలో తొమ్మిది పదేళ్ల వయసున్న దాదాపు 12 వేల మంది పిల్లలను చేర్చుకుని మెదడు ఎదుగుదలను ఏళ్ల తరబడి స్కాన్ చేస్తున్న అధ్యయనం ఒకటి నడుస్తోంది. వారిలో దాదాపు 9,800 మంది వివరాలు పరిశీలిస్తే, పదిహేనేళ్లలోపు మద్యమో సిగరెట్టో గంజాయో మొదలుపెట్టినవారి మెదడు నిర్మాణంలో కొన్ని తేడాలు ఉన్నాయి. మొదటి స్కాన్ నాటికి ఏదీ ముట్టని పిల్లలను మాత్రమే విడిగా తీసి చూసినా వాటిలో చాలావరకు అలాగే నిలిచాయి. మత్తు మెదడును దెబ్బతీసిందనడానికి చూపే బొమ్మల్లో కొంత భాగం, మత్తు రాకముందు బొమ్మే కావచ్చు. మత్తు హాని చేయదని దీని అర్థం కాదు. బడుల్లో చూపించే “గంజాయి తాగిన మెదడు, తాగని మెదడు” స్లైడు చెప్పే కథ అంత సాఫీ కాదని మాత్రమే.

ఈ అవగాహన నుంచే మాంట్రియల్ విశ్వవిద్యాలయానికి చెందిన ప్యాట్రీషియా కాన్రాడ్ ఒక పద్ధతి తయారుచేశారు. మత్తు గురించి ఉపన్యాసం ఉండదు. నిరాశ, ఆందోళన, తొందరపాటు, ఉద్వేగాల కోసం వెతుకులాట అనే నాలుగు స్వభావాల్లో ఏది ఎక్కువో ప్రశ్నావళితో గుర్తించి, ఒకే స్వభావం ఉన్న పిల్లలను చిన్న బృందంగా కూర్చోబెట్టి, ఆ స్వభావంతో ఎలా నెగ్గుకురావాలో మాట్లాడతారు. గంటన్నర చొప్పున రెండు సమావేశాలు, అంతే. బ్రిటన్, కెనడా పాఠశాలల్లో జరిపిన పరీక్షల్లో ఇది చాలా ప్రచార కార్యక్రమాలకంటే మెరుగైన ఫలితాలు ఇచ్చింది.

భారతదేశంలో జరిగిన ప్రయోగం ఒకటి ఈ చర్చలో తగినంతగా వినిపించదు. 2004లో ఢిల్లీ, చెన్నై నగరాల్లో 32 పాఠశాలల్లో ఆరో తరగతి, ఎనిమిదో తరగతి పిల్లలు 11,642 మందిని పొగాకు గురించి అడిగారు. ఉస్మానియాలో వైద్యం చదివిన కె. శ్రీనాథ్ రెడ్డి ఈ పరిశోధకుల్లో ప్రధానులు. పాశ్చాత్య దేశాల్లో వయసు పెరిగేకొద్దీ వాడకం పెరుగుతుంది. ఇక్కడ తలకిందులైంది. ఆరో తరగతి వారిలో పొగాకు వాడకం ఎనిమిదో తరగతి వారికంటే రెండు నుంచి నాలుగు రెట్లు ఎక్కువ. చిన్న తరం మరింత త్వరగా మొదలుపెడుతోందేమోనని పరిశోధకులు కలవరపడ్డారు. తరువాత రెండేళ్లపాటు సగం బడుల్లో కార్యక్రమం నడిపారు. డేర్‌కీ దీనికీ తేడా ఎక్కడంటే, తరగతిలో చర్చలు నడిపించినవారిలో తోటి విద్యార్థులే ముఖ్యులు. బాధ్యత అప్పగించింది ఆ ఈడు పిల్లలకే. పోస్టర్లు, ఇంటికి పంపే పోస్టుకార్డులు కూడా ఉన్నాయి. రెండేళ్ల తరువాత కార్యక్రమం లేని బడుల్లో పొగాకు వాడకం 68 శాతం పెరిగింది, ఉన్న బడుల్లో 17 శాతం తగ్గింది. ఏ సమక్షం పసుపు దీపం దగ్గర కారును ముందుకు నెట్టిందో, అదే సమక్షం ఇక్కడ బ్రేకు వేసింది.

ఐస్‌లాండ్ వారు ఇంకోవైపు నుంచి వచ్చారు. పిల్లల తలలోకి ఏదో ఎక్కించే ప్రయత్నం పక్కనపెట్టి వారి సాయంకాలాలను మార్చారు. 1998లో అక్కడ 15-16 ఏళ్ల వారిలో 42 శాతం మంది గత నెల రోజుల్లో తాగి మత్తెక్కామన్నారు. 2016లో అది 5 శాతం. రోజూ సిగరెట్ తాగేవారు 23 నుంచి 3 శాతానికి దిగారు. 13 నుంచి 16 ఏళ్ల పిల్లలు శీతాకాలంలో రాత్రి పది తరువాత, వేసవిలో పన్నెండు తరువాత పెద్దలు తోడు లేకుండా బయట తిరగకూడదన్న నిబంధన, రాజధాని రెయిక్యావిక్‌లో ఆటలకూ సంగీతానికీ డబ్బు కట్టుకోవడానికి ప్రతి బిడ్డకూ కార్డు, తల్లిదండ్రులు ఒకరికొకరు రాసిచ్చుకునే ఒప్పందం, ఏటా ప్రతి బడిలో సర్వే. వీటిలో ఏది పనిచేసిందో విడదీసి చెప్పడం సాధ్యం కాదు, పోల్చడానికి మరో ఐస్‌లాండ్ లేదు కాబట్టి. పైగా అదే కాలంలో యూరప్ అంతటా పిల్లల తాగుడు తగ్గుతూ వచ్చింది, ఇంత వేగంగా కాకపోయినా.

అనుకోకుండా జరిగిన మరో పరీక్ష కొవిడ్. మిషిగన్ సర్వేలో 2021లో హైస్కూలు పిల్లల మాదకద్రవ్యాల వాడకం ఒక్క ఏడాదిలో పడిపోయినంతగా 1975 నుంచి ఎన్నడూ పడిపోలేదు. దిగులు పెరిగితే మత్తు పెరుగుతుందని చాలామంది అనుకున్నారు. పిల్లలు దిగులుగానే ఉన్నారు, కానీ ఇళ్లలో ఉన్నారు. బడులు తెరిచాక కూడా ఆ అంకెలు పూర్వ స్థాయికి ఎగబాకలేదు. మొదటిసారి రుచి చూపించే వయసును ఆ తరం స్నేహితులకు దూరంగా దాటేసిందేమో.

ఇవన్నీ బడికి వెళ్లే పిల్లల కథలు. ఎయిమ్స్ ఆధ్వర్యంలో జరిగిన జాతీయ సర్వేను కేంద్రం 2019లో విడుదల చేసింది. అందులో పెద్దలకంటే పిల్లల్లోనే ఎక్కువగా కనిపించిన మత్తు ఒక్కటే: పీల్చేవి. పంచరు అతికించే సొల్యూషన్, వైట్‌నర్ వంటివి. పది నుంచి పదిహేడేళ్ల వారిలో 1.17 శాతం, పెద్దల్లో 0.58 శాతం. సాయం అవసరమైన పిల్లలు 4.6 లక్షల మంది ఉంటారని అంచనా. రైల్వే స్టేషన్ ప్లాట్‌ఫారం చివర గుడ్డపేలికలో సొల్యూషన్ పిండుకుని ముక్కు దగ్గర పెట్టుకునే పిల్లవాడు పెద్దరికం కోసం ఆ పని చేయడు. ఆకలి తెలియకుండా ఉంటుంది, చలి తెలియకుండా ఉంటుంది. అతని పక్కన కూడా జతగాళ్లు ఉంటారు. అయితే వారు స్నేహితులు మాత్రమే కాదు, అతనికున్న కుటుంబం కూడా వారే. ఆ సావాసం మానుకో అంటే రాత్రికి ఎవరి పక్కన పడుకోవాలన్నది అతని ప్రశ్న. తరగతి గదిలో ప్రశ్నావళి పంచి చేసే సర్వేల్లో అతను లేడు.